కార్యాలయాలకూ ఓ పుష్కరం

(బెంగళూరు మల్లేశ్వరంలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన తెలుగువాళ్ల సమావేశంలో, ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైన ఒక అధికారి చేసిన ప్రసంగం. తడబాట్లు తీసేసి, మిగతాది మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్న పెద్దలకు, కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు కూడా. పిల్లలు నిలబడింది నా మాటల కోసం కాదు, తర్వాత పెట్టే బొబ్బట్ల కోసం. అది నాకు తెలుసు.

పుష్కరాల గురించి మీకు చెప్పేదేముంది. గోదావరికి 2015లో వచ్చాయి, కృష్ణకు 2016లో, మన కావేరికి 2017లో, తుంగభద్రకు 2020లో. ఒక్కో ఏడాది ఒక్కో నదికి. మాకు పుష్కరాలు కావాలని ఏ నదీ అర్జీ పెట్టుకోదు, ఏ మంత్రీ ఫైలు కదపనక్కర్లేదు. బృహస్పతి రాశి మారాడంటే వచ్చేసినట్టే. మాది అనంతపురం జిల్లా, పెన్న పక్క ఊరు. ఆ పన్నెండు నదుల జాబితాలో మా పెన్న లేదు. చిన్నప్పుడు దీనికి చాలా బాధపడేవాడిని. ఈ పెన్న సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఉంది. మన ఇళ్లల్లో సగం మందికి అక్కడ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఆ రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థలకు సరిగ్గా ఇలాంటి పుష్కరమే ఉంది. 1977లో చట్టం చేశారు. దాన్ని వాళ్లు సన్‌సెట్ అంటారు, అంటే సూర్యాస్తమయం. దాదాపు 130 సంస్థలు దాని కిందికి వస్తాయి. మామూలుగా పన్నెండేళ్లకోసారి ఒక్కో సంస్థ వంతు వస్తుంది. సంస్థను పుట్టించిన చట్టంలోనే, ఫలానా తేదీకి ఈ సంస్థ రద్దవుతుంది అని రాసి ఉంటుంది. ఆ తేదీలోగా శాసనసభ కొత్తగా బిల్లు పాస్ చేసి గడువు పొడిగించాలి. చేయకపోతే ఎవరూ ఏమీ చేయనవసరం లేదు, సంస్థ దానంతట అదే పోతుంది. సామాన్లు సర్దుకోవడానికి ఒక ఏడాది టైమ్ ఇస్తారు.

ఇందులో కొత్తేముంది, మనకూ కమిటీలున్నాయి, కమిషన్లున్నాయి కదా అంటారు మీరు. ఉన్నాయి. నేను ముప్పై నాలుగేళ్లు వాటికి కాగితాలు అందించినవాడినే. తేడా ఒక్కటే. మన దగ్గర ఒక బోర్డు మూయాలంటే, మూయాలన్నవాడు కారణం చూపించాలి. సంతకాలు తేవాలి, యూనియన్లతో మాట పడాలి, కోర్టుకు పోవాలి. ఊరికే ఉంటే బోర్డు ఉంటుంది. అక్కడ తిరగేశారు. ఊరికే ఉంటే పోతుంది. బతకాలన్నవాడు వచ్చి అడగాలి.

మా అమ్మాయి ఆస్టిన్‌లో ఉంటుంది. పోయినసారి వెళ్లినప్పుడు, మనవరాలు బడికి, అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు పోయాక నాకేమీ తోచక శాసనసభ భవనానికి పోయాను. గులాబీ రంగు గ్రానైట్‌తో కట్టిన పెద్ద భవనం. పాస్ అడగలేదు, ఎమ్మెల్యే ఉత్తరం అడగలేదు. సంచి మాత్రం మెషిన్‌లో పెట్టించారు. భవనం వెనక భూమి లోపల ఇంకో కట్టడం ఉంది, కమిటీ గదులన్నీ అక్కడే. ఒక గదిలో ఈ సన్‌సెట్ విచారణ జరుగుతోంది. వెళ్లి వెనక కూర్చున్నాను. రిటైరైన ఆడిటర్‌కు ఇంతకన్నా మంచి సినిమా ఎక్కడ దొరుకుతుంది!

కమిషన్లో పన్నెండు మంది ఉంటారు. ఐదుగురు సెనేటర్లు, ఐదుగురు దిగువ సభ సభ్యులు, ఇద్దరు మామూలు పౌరులు. వాళ్లకు సొంత సిబ్బంది ఉన్నారు. సంస్థ ముందు తన గురించి తానే ఒక నివేదిక రాసివ్వాలి. మేం చేసే పని ఏమిటి, ఎందుకు, ఇదే పని ఇంకెవరైనా చేస్తున్నారా, ఎక్కడ ఇబ్బంది పడుతున్నాం అని. తర్వాత కమిషన్ సిబ్బంది ఆ ఆఫీసుకు వెళ్లి నెలల తరబడి కూర్చుంటారు. వాళ్లు తమ నివేదిక రాస్తారు, అది అందరికీ దొరుకుతుంది. ఆ తర్వాతే ఈ విచారణ.

నేను చూసిన రోజు ఏదో లైసెన్సులిచ్చే బోర్డు వంతు. ఆ బోర్డు పెద్ద లేచి నిలబడి, మా బోర్డు ఎందుకు ఉండాలంటే, అని మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు జలదరించింది. నిజంగా చెబుతున్నాను. నా సర్వీసు మొత్తంలో ఒక్క మేనేజింగ్ డైరెక్టర్ నోట ఆ వాక్యం వినలేదు. వాళ్ల తప్పు కాదు, వాళ్లను ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు! కొన్న జీపుకు టెండర్ పిలిచారా, టీఏ బిల్లుకు రసీదు జతచేశారా, ఇవి అడిగాం. జీపు ఎందుకు, మీరెందుకు అని అడగడం మా ఫారంలో లేదు. పనితీరు ఆడిట్ అని ఒకటుంది, అందులో కొంత దూరం పోతాం. అక్కడా సంస్థ ఉండటమన్నది ముందే ఒప్పేసుకున్న సంగతి.

అధికారుల తర్వాత జనం వంతు. చీటీ మీద పేరు రాసిచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. మనిషికి రెండు మూడు నిమిషాలు. ఒక పెద్దావిడ వచ్చి, ఆ బోర్డుకు తాను పెట్టిన ఫిర్యాదు ఏమైందో చెప్పింది. గొంతు వణికింది. టైమ్ అయిపోయింది, ఒక సెనేటర్ ఆపలేదు, చెప్పమ్మా అన్నట్టు తల ఊపాడు. దాని వల్ల ఏమైందో నాకు తెలియదు. ఆవిడ మాట రికార్డులోకి ఎక్కింది, అంత మాత్రం చూశాను.

ఇక మన సంగతి. నా సర్వీసులో ఒక కార్పొరేషన్ చూశాను, పేరు చెప్పను. పెట్టినప్పుడు దానికి పని ఉండేది. తర్వాత ఆ పని మార్కెట్టే చూసుకుంది. నేను ఆడిట్‌కు వెళ్లేసరికి అందులో మిగిలింది పదకొండు మంది. పొద్దున వచ్చి ఏం చేస్తారయ్యా అంటే, సార్, పాత లెక్కలు తయారు చేస్తున్నాం అన్నారు. ఆరేళ్ల లెక్కలు పెండింగ్. ఆ ఆరేళ్లలో జరిగిన ఖర్చు ఏమిటయ్యా అంటే, మా జీతాలే సార్! (నవ్వులు) నవ్వకండి, వాళ్లు మంచివాళ్లు. మధ్యాహ్నం రాగి ముద్ద, బస్సారు పెట్టారు నాకు. మూస్తే వాళ్లను ఎక్కడ సర్దాలో ఎవరికీ తెలియక అలా ఉంచేశారు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికల్లో పనిచేయని సంస్థలు అని ఒక వరసే ఉంటుంది, ఏ రాష్ట్రం తీసినా. ప్రతిసారీ అచ్చవుతుంది, శాసనసభలోని ప్రభుత్వ సంస్థల కమిటీ ముందుకు పోతుంది, చర్య తీసుకున్న నివేదిక వస్తుంది. పరిశీలనలో ఉంది అని అందులో రాసి ఉంటుంది. ఆ మాట రాసిన గుమాస్తా రిటైరవుతాడు, ఆ మాట మాత్రం సర్వీసులోనే ఉంటుంది.

విధాన సౌధ ముందు నుంచి ఎన్నిసార్లు పోయుంటారు మీరు? పైన చెక్కి ఉంటుంది, ప్రభుత్వ పని దేవుడి పని అని. ఆ భవనం కట్టించిన కెంగల్ హనుమంతయ్యగారే తర్వాత కేంద్రంలో మొదటి పరిపాలనా సంస్కరణల సంఘానికి అధ్యక్షుడయ్యారు. 1966లో మొరార్జీ దేశాయ్ అధ్యక్షతన మొదలైంది. ఆయన ఉపప్రధాని అయ్యాక వీరికొచ్చింది. 1970 నాటికి ఇరవై నివేదికలు, 537 సిఫార్సులు. లోక్‌పాల్ ఆలోచన ఆ సంఘం నివేదికల్లోనిదే. గొప్ప పని, కాదనను. కానీ సంఘం ఒకసారి వస్తుంది, నివేదికలు ఇచ్చి పోతుంది. నదిలో ఒకసారి మునిగితే చాలా? వంతు మళ్లీ మళ్లీ రావాలి. దేవుడి పని కాబట్టి దానికి ఆదీ లేదు, అంతమూ లేదు అనుకున్నారో ఏమో మనవాళ్లు.

ఇంకో చిక్కుంది, ఇది చెప్పకపోతే నేను అబద్ధం చెప్పినట్టే. 2003లో 91వ రాజ్యాంగ సవరణ వచ్చింది. మంత్రివర్గం సభలో పదిహేను శాతం దాటకూడదు. కర్ణాటకలో 224 మంది ఎమ్మెల్యేలు, అంటే మంత్రులు 34 మందికి మించరు. మరి మిగిలినవాళ్ల అలక ఎలా తీర్చాలి? అందుకే నిగమ మండళ్లు. నిగమాలు, మండళ్లు, ప్రాధికారాలు, అంటే కార్పొరేషన్లు, బోర్డులు, అథారిటీలు, వాటి అధ్యక్ష పదవులు, కారు, గది, కొన్నిటికి మంత్రి హోదా. ప్రతి కొత్త ప్రభుత్వంలో పేపరు నిండా ఆ జాబితా గొడవే. ఆంధ్రాలో అయితే నామినేటెడ్ పోస్టులంటాం, రంగు అదే. ఇప్పుడు ఆలోచించండి. ఈ కార్పొరేషన్ అవసరమా అని సమీక్షించాల్సింది ఎవరు? ఎమ్మెల్యే. ఆ కార్పొరేషన్ కుర్చీ కోసం చూస్తున్నదెవరు? ఆయనే. పెళ్లికొడుకునే కట్నం వద్దని తీర్పు చెప్పమన్నట్టు. అందుకే టెక్సాస్‌లో చేసింది తెచ్చి ఇక్కడ అంటించేస్తే అయిపోతుందని నేననను.

ఇక్కడ కాసేపు ఇంటి సంగతి చెప్పనివ్వండి. మా పెదనాన్న కరణం. 1984 జనవరి, సంక్రాంతి నెల. రామారావుగారి ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆంధ్రప్రదేశ్‌లో కరణాలను, మునసబులను తీసేసింది. తమిళనాడులో ఎంజీఆర్‌గారు అంతకు ముందే, 1980లో, ఇలాగే ఆర్డినెన్స్‌తో తీసేశారు. మా ఇంట్లో పెద్ద ట్రంకు పెట్టె ఉండేది. అడంగళ్లు, శిస్తు లెక్కలు, పొలాల పటాలు అన్నీ అందులోనే. తాళంచెవి పెదనాన్న మొలతాడుకు. పై నుంచి మనుషులొచ్చి పెట్టెతో సహా పట్టుకుపోయారు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. అయితే ఊళ్లో చాలామంది ఆ రాత్రి హాయిగా తిన్నారు. అదీ చెప్పాలి. తరతరాలుగా ఒకే ఇంటి పెట్టెలో ఊరి భూములన్నీ ఉండటం మంచి ఏర్పాటు కాదు. పెదనాన్న సంతకం కోసం రైతు ఎన్నిసార్లు మా అరుగు మీద కూర్చున్నాడో నేను కళ్లారా చూశాను. పోవాల్సిందే పోయింది. సుప్రీం కోర్టు కూడా మరుసటి ఏడాది సరేనంది.

కానీ తర్వాత ఏమైందో చూడండి. ఊళ్లో పొలం లెక్క రాసేవాడు ఒకడు కావాలి కదా. కొత్త పేరుతో గ్రామ అధికారి వచ్చాడు. పేర్లు మారుతూ మారుతూ వీఆర్వో అయ్యాడు. 2020లో తెలంగాణ ప్రభుత్వం చట్టం చేసి వీఆర్వోలనూ తీసేసింది, అవినీతి అనే. 2025లో అక్కడే గ్రామ పాలనాధికారులు వచ్చారు. మనిషిని రెండుసార్లు తీసేశారు, పని రెండుసార్లూ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. ఎందుకంటే రెండుసార్లూ అడిగింది ఈ మనిషి చెడ్డవాడా అని. ఈ పని ఏమిటి, దీన్ని ఎవరు, ఎక్కడ, ఎవరి కళ్ల ముందు చేయాలి అని కూర్చుని అడగలేదు. రద్దు చేయడం మనకు చేతకాక కాదండీ. శాసనమండలినే 1985లో రద్దు చేశాం, 2007లో తెచ్చుకున్నాం, 2020లో మళ్లీ రద్దు చేయమని తీర్మానం చేశాం, 2021లో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నాం. మనకు రద్దు కోపంలో వస్తుంది, క్యాలెండర్‌లో రాదు.

బెంగళూరు విషయంలో అయితే పేరు మార్పే ఎక్కువ. 1945 నాటి సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ బోర్డు పోయి 1976లో బీడీఏ, అంటే బెంగళూరు అభివృద్ధి ప్రాధికారం వచ్చింది. నగరపాలక సంస్థ బీబీఎంపీ 2007లో వచ్చింది, 2025లో గ్రేటర్ బెంగళూరు ప్రాధికారం, ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. తమాషా ఏమిటంటే అమెరికాలో మొట్టమొదటి సన్‌సెట్ చట్టం కొలరాడోలో వచ్చింది కూడా 1976లోనే. ఇక్కడ మనం కొత్త సంస్థ పుట్టించిన ఏడాదే అక్కడ వాళ్లు సంస్థలకు గడువు తేదీలు రాయడం మొదలుపెట్టారు.

ఆ కొలరాడో కథ కూడా వినండి, లేకపోతే నేను అమెరికా భజన చేస్తున్నానంటారు. మొదటి విడతలో పదమూడు సంస్థలను పరీక్షించారు. ఆ పరీక్షకే రెండు లక్షల డాలర్లు దాటింది. మూసింది మూడు చిన్న సంస్థలను. దాంతో మిగిలిన డబ్బు ఏడు వేల డాలర్లు కూడా లేదు. ఎలుకను పట్టడానికి కొండను తవ్వినట్టు. డెబ్బైల చివర, ఎనభైల మొదట్లో ముప్పైకి పైగా రాష్ట్రాలు ఈ చట్టం చేసుకున్నాయి. ఖర్చు, శ్రమ చూసి చాలా రాష్ట్రాలు వదిలేశాయి లేదా పక్కన పెట్టాయి. టెక్సాస్ నిలబెట్టుకుంది. తొలి రోజుల్లో అక్కడ పోయినవాటిలో ఒకటి గులాబీ పురుగు కమిషన్! పత్తిలో వచ్చే గులాబీ రంగు పురుగు, మన గుంటూరు, ఆదిలాబాద్ రైతుల ప్రాణం తీసేదే. దానికి అక్కడ ఒక కమిషనే ఉండేది. పురుగు పోయిందో లేదో గానీ కమిషన్ పోయింది.

అయితే టెక్సాస్‌లో నిజమైన లాభం మూసివేతల్లో లేదు. మూతపడేవి తక్కువ. ఎక్కువ సంస్థలు మార్పులతో కొనసాగుతాయి. బోర్డులో ఆ వృత్తివాళ్లే కాకుండా మామూలు జనం కూడా ఉండాలి, ఫిర్యాదు ఇచ్చినవాడికి ఏమైందో చెప్పాలి, ఇద్దరు చేస్తున్న ఒకే పనిని ఒకరికి ఇవ్వాలి, ఇలాంటివి. పుష్కరం వస్తోందంటే ఘాట్లు కడతారు, రోడ్లు వేస్తారు చూడండి, ఆ హడావిడిలోనే సగం పని అయిపోతుంది. నది ఎండిపోతుందని కాదు కదా. ఇక పెన్న సంగతి. టెక్సాస్‌లోనూ పెన్నలున్నాయి. విశ్వవిద్యాలయాలకు ఈ సమీక్ష లేదు. రాజ్యాంగంలోనే పుట్టిన సంస్థలు కొన్ని ఉన్నాయి, వాటిని చూస్తారు గానీ మూయలేరు.

గడువు తేదీకి ఇంకో ముఖముంది. 2017లో అక్కడి మెడికల్ బోర్డుకు, ఇంకొన్ని బోర్డులకు గడువు వచ్చింది. వాళ్ల సభ రెండేళ్లకోసారి 140 రోజులు కూర్చుంటుంది, అంతే. ఆ రోజుల్లో ఎవరు ఏ మరుగుదొడ్డి వాడాలనే బిల్లు మీద రెండు సభలకూ పంతం వచ్చింది. పంతంలో బోర్డుల బిల్లు ఆగిపోయింది. డాక్టర్లకు లైసెన్సులిచ్చే బోర్డు! చివరికి గవర్నర్ ప్రత్యేక సమావేశం పిలిచి పొడిగించాల్సి వచ్చింది. 2019లో ప్లంబర్ల బోర్డుకు అదే గతి. దాన్ని ఇంకో శాఖలో కలపాలా వద్దా అని తేల్చుకోలేక సభ ముగిసింది. గవర్నర్ ఏం చేశాడంటే, 2017లో వచ్చిన హార్వీ తుఫాను నష్టం ఇంకా ఉంది కాబట్టి ప్లంబర్లు అవసరమని, విపత్తు అధికారాలు వాడి 2021 దాకా బతికించాడు. తుఫాను పేరు చెప్పి కుళాయి బోర్డును కాపాడినవాడు మన దగ్గర ఉంటే ఎంత పెద్ద నాయకుడయ్యేవాడో! (నవ్వులు)

మనకు గడువు తేదీలు అసలు తెలియవని కాదు. ఉగ్రవాదం మీద తెచ్చిన టాడా చట్టం గడువుతోనే పుట్టింది. రెండేళ్లకోసారి పొడిగిస్తూ పోయారు, 1995లో పొడిగించలేదు, పోయింది. అది పోయింది ఎందుకు? దాని కింద జైళ్లలో మగ్గినవాళ్ల గురించి దేశమంతా మాట్లాడింది కాబట్టి. ఎవరూ మాట్లాడకపోయుంటే ఇంకో రెండేళ్లు పొడిగించడానికి చేతులెత్తేవాళ్లే.

నేను అడిగేది చిన్నది. అన్ని శాఖలూ వద్దు. పోలీసు, రెవెన్యూ, విద్య జోలికి పోవద్దు. కార్పొరేషన్లు, బోర్డులతో మొదలుపెట్టండి. ఏడాదికి ఓ పది. మీరెందుకు అనే ప్రశ్నకు సంస్థ తనే జవాబు రాయాలి, పది పేజీల్లో, కన్నడంలో, జనానికి అర్థమయ్యేటట్టు. దాన్ని చదివి వెళ్లి చూసేందుకు సభాపతి కింద పనిచేసే ఓ పాతికమంది కావాలి, ప్రభుత్వం కింద కాదు. మన శాసనసభలు చాలావరకు ఏడాదికి ముప్పై రోజులు కూడా కూర్చోవడం లేదు. పది సంస్థల కోసం రెండు రోజులు ఇవ్వలేరా? అక్కడి పదకొండు మందిని ఎక్కడ సర్దాలో కూడా ఆ నివేదికలోనే రాయాలి. అది రాయకపోతే ఏదీ జరగదు, నా మాట నమ్మండి.

ఇంకా ఉంది కానీ నిర్వాహకులు వాచీ చూస్తున్నారు. ఎవరైనా ఏమైనా అడుగుతారా? అమ్మా, మీరు చెయ్యెత్తారు.

(ఒక పెద్దావిడ: నాకు పెన్షన్ ఇచ్చే బోర్డు మీద చెప్పుకోవాల్సింది చాలా ఉంది. మీరు చెప్పిన ప్రభుత్వ సంస్థల కమిటీ ఇక్కడే విధాన సౌధలో కూర్చుంటుంది కదా. నేనూ వెళ్లి మూడు నిమిషాలు మాట్లాడొచ్చా?)

లేదమ్మా. మన శాసనసభ కమిటీలు తలుపులు వేసుకుని కూర్చుంటాయి. అధికారులను పిలిస్తే వాళ్లు లోపలికి వెళతారు. నేను ఎన్నోసార్లు ఫైళ్లు పట్టుకుని వెళ్లాను. మీకు, నాకు ఇప్పుడు, బయట వరండా దాకానే. మీరు ఉత్తరం రాయండి, కార్యదర్శి పేరు మీద. రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కావాలంటే రేపు పొద్దున మా ఇంటికి రండి, ఇద్దరం కూర్చుని రాద్దాం.